తొడ మీద ఎర్ర ముద్ర ఉన్న సూటు

నవంబరు మొదటి సోమవారం నన్ను బిష్టుపూర్ ఆఫీసులో ‘జూనియర్ ఇంజనీరు, డైవింగ్ సేఫ్టీ’ అనే కుర్చీలోకి మార్చారు. ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చిన నాలుగో రోజది. అంతకుముందు స్టోర్సులో ఉండేదాన్ని. మా కంపెనీ చిన్నది. నీళ్ళ అడుగున చేయాల్సిన పనులు కాంట్రాక్టుకి తీసుకునేది: నదిలోంచి నీళ్ళు లాగే ఇన్‌టేక్ బావుల జాలీలు శుభ్రం చేయడం, రిజర్వాయర్ గేట్ల రబ్బరు మార్చడం, పైపుల పగుళ్ళు అతకడం. జంషెడ్‌పూర్‌లో డైవర్లుంటారంటే మా బంధువులు నమ్మేవారు కాదు. సముద్రం లేని ఊళ్ళో మునిగేదెక్కడ అని అడిగేవారు. ఇనుము చల్లారాలన్నా, దాన్ని చేసేవాళ్ళు స్నానం చేయాలన్నా నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు వచ్చే దారిలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మునగాలి.

ఆ ఉద్యోగం మానేసి కొద్ది నెలలైంది. మా ఊళ్ళో రిటైరైనవాళ్ళకి శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపుతారు. నాకు ముప్ఫై రెండేళ్ళకే శాలువా కప్పారు. గడియారానికి మాత్రం సర్వీసు చాలలేదన్నారు. చల్లటి నీళ్ళలో దిగడానికి వెట్‌సూటు మేలా, డ్రైసూటు మేలా అన్న ఒక్క ప్రశ్నకి మా ఆఫీసు రెండు నెలలపాటు జవాబు వెతికిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఈ పని గురించి కుతూహలం ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

ముందు రెండిటికీ తేడా చెప్పాలి. వెట్‌సూటు చిన్న చిన్న గాలి బుడగలున్న మెత్తటి రబ్బరుతో కుట్టినది. ఒంటికి అతుక్కుని ఉండాలి. దానిలోకి నీళ్ళు వస్తాయి. వచ్చిన ఆ పలచటి నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే నిలుస్తుంది. బయటి చలిని ఆపేది రబ్బరులోని బుడగలు. సూటు వదులైతే వెచ్చబడ్డ నీళ్ళు పోయి కొత్త చల్లనీళ్ళు వస్తుంటాయి, అప్పుడది వేసుకున్నా ఒకటే, లేకున్నా ఒకటే. డ్రైసూటులోకి నీళ్ళు అసలు రావు. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా బిగుతైన రబ్బరు పట్టీలుంటాయి. లోపల గాలి ఉంటుంది. కానీ డ్రైసూటు దానంతట అది వెచ్చగా ఉంచదు. లోపల వేసుకునే దళసరి ఉన్ని దుస్తులే వెచ్చదనం. అదీకాక ఆ గాలిని ఛాతీ మీది వాల్వుతో నింపుకోవడం, భుజం మీది వాల్వుతో వదలడం నేర్చుకోవాలి. నేర్చుకోనివాడికి అది సూటు కాదు, బెలూను.

ఈ ప్రశ్న లేవడానికి కారణం సింహాచలం మావయ్య. చుట్టరికం లేదు. మా నాన్న టాటానగర్ స్టేషన్లో పనిచేసిన రోజుల నుంచి ఎరిగినవాడు కాబట్టి ఆ పిలుపు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఊళ్ళో మాంగో అనే పేటలో స్థిరపడ్డాడు. మావయ్య సువర్ణరేఖ నదిలో ఈత నేర్చి, యాభై రెండేళ్ళకి మా కంపెనీలో సీనియర్ డైవరయ్యాడు. ఆఫీసులో నలుగురి ముందు నన్ను ‘మేడమ్’ అనేవాడు, తలుపు దాటగానే ‘అమ్మాయ్’ అనేవాడు. చలికాలంలో దిగేముందు డైవర్లు ఒంటికి ఆవనూనె పట్టించి, బెల్లం ముక్క నోట్లో వేసుకుని, చొక్కా ప్యాంటు కలిపి కుట్టిన ఫ్యాక్టరీ డాంగ్రీ ఒకటి తొడుక్కునేవారు. ఏళ్ళ తరబడి మా కంపెనీ చలి రక్షణ పథకం అదే.

అంతకుముందు చలికాలం, ఊరికి ఎగువన కొండల మధ్య ఉన్న ఒక రిజర్వాయర్లో గంటసేపు పనిచేసి పైకొస్తుంటే మావయ్య వేళ్ళు నిచ్చెన పట్టుకోలేకపోయాయి. పైన తాడు పట్టుకున్న డైవింగ్ సూపర్‌వైజరు దామోదర్ లాగి గట్టెక్కించాడు. ప్రమాదాల రిజిస్టర్లో ఆ రోజు ఎంట్రీ నేను తర్వాత చదివాను. కారణం: డైవరుకు చలి వేసింది. దిద్దుబాటు చర్య: డైవరును హెచ్చరించడమైనది.

ఆ రిజిస్టర్లో రెండో ఎంట్రీ పడితే డైవరును మెడికల్ బోర్డుకి పంపుతారు. యాభై దాటినవాణ్ణి బోర్డు మళ్ళీ నీళ్ళలోకి పంపిన దాఖలా లేదు, గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేస్తుంది. అందుకని మావయ్య ఆనాటి నుంచి తనకి చలే వెయ్యదని చెప్పడం మొదలుపెట్టాడు. రాబోయే జనవరిలో అదే రిజర్వాయర్లో, ఇరవై మీటర్ల లోతున, గేటు చుట్టూ రబ్బరు సీలు మార్చే పని మాకొచ్చింది. దిగేవాడు ఆయనే. ‘సూటు ఈ పనికి తగినది’ అన్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది నేను.

జనరల్ మేనేజరు గారు అంతర్జాతీయ స్థాయి సూట్లు కొనాలని నిర్ణయించి కమిటీ వేశారు. కమిటీలో నాతో కలిపి ఆరుగురు. ఎవరికీ ఈత రాదు. నేను నాలుగు పేజీల నోటు రాశాను. నీళ్ళు ఎంత చల్లన, ఎంత లోతు, ఎంతసేపు పని, దిగేవాడికి ఏ శిక్షణ ఉంది అన్న నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పుకున్నాకే సూటు ఎంచుకోవాలని అందులో సారాంశం. కదలకుండా గంటసేపు ఒకేచోట పనిచేసేవాడికి డ్రైసూటు మేలు, కానీ శిక్షణ కావాలి, లోపలి దుస్తులు కావాలి. అవి లేనప్పుడు దళసరి వెట్‌సూటు, టోపీ, గ్లౌజులు వేసి మునక సమయం తగ్గించాలి అని రాశాను. పర్చేజ్ అధిపతి మిశ్రాజీ నోటు తిరగేసి, దేఖియే మేడమ్, ఒకటి తడుస్తుంది, ఒకటి తడవదు, తడిసే గొడుగు ఎవరైనా కొంటారా అన్నారు. కమిటీ నవ్వింది. మినిట్సులో నా నోటు ‘చర్చించబడినది’ అని నమోదైంది. వాదన తేలకపోవడంతో రెండు రకాలూ కొనాలని తీర్మానించారు. ఏ రకం ఎందుకన్నది తేల్చకుండా ఫైలు మూయడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

కొనుగోలు కోరే కాగితాన్ని ఇండెంటు అంటారు. ఇండెంటు ఫారంలో సైజు అన్న గడి వేలి గోరంత ఉంటుంది. అందులో హెల్మెట్లకీ గ్లౌజులకీ ‘స్టాండర్డ్’ అని రాస్తారు. వెట్‌సూటుకి అది చాలదు కాబట్టి ఒక ఆదివారం పాపని చంకనేసుకుని టేపు పట్టుకుని మాంగోలో మావయ్య ఇంటికి వెళ్ళాను. మెడ, ఛాతీ, మణికట్టు, తొడ, పిక్క, చీలమండ... పద్దెనిమిది కొలతలు. అత్త పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“ఏటమ్మాయ్, ఈ ముసలోడికిన్ని కొలతలు? మా పెళ్ళప్పుడు చొక్కాకి కూడా ఇన్ని తియ్యలేదు టైలరు.”

“అప్పుడు నాను సన్నం. కొలవడానికేటి ఉండీది?” అన్నాడు మావయ్య కడుపు బిగబట్టి.

“ఊపిరి వదిలెయ్ మావయ్యా. బిగబట్టిన కడుపుకి సూటు కుడితే నీళ్ళలో ఊపిరాడదు.”

“సూట్ల మాటకేటి గానీ, ఆవనూనె రాసుకోవచ్చా దాంట్లో?”

కూడదన్నాను. నూనెకి రబ్బరు పాడవుతుంది, మణికట్టు పట్టీలు జారతాయి. మావయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా తనని కాపాడింది ఆవనూనె అని ఆయన నమ్మకం.

వెట్‌సూటు తయారుచేసే పార్టీ కొలతలు లేనిదే కుట్టనంది కాబట్టి ఆ పద్దెనిమిదీ బతికిపోయాయి. డ్రైసూట్ల విషయంలో మిశ్రాజీ కలం తీసి ‘ఎల్’ అని రాశారు. కంపెనీ వస్తువు ఒక మనిషి ఒంటికి సరిపోతే మిగతావాళ్ళు వాడలేరని, అది వస్తువు దుర్వినియోగమని ఆయన వాదన. మావయ్య అయిదడుగుల మూడంగుళాలు.

లోపల వేసుకునే ఉన్ని దుస్తుల కోసం నేను వేరే ఇండెంటు పెట్టాను. అది వెనక్కొచ్చింది. సూటు ‘సామగ్రి’ కింద వస్తుంది, లోపలి దుస్తులు ‘యూనిఫారం’ కింద వస్తాయి. యూనిఫారం సంక్షేమ విభాగం ఇస్తుంది, ఏడాదికి ఒకసారి, అక్టోబరులో. అక్టోబరు వెళ్ళిపోయింది. ఆ నవంబరు నా కూతురికి మొదటి చలికాలం. రాత్రి మూడుసార్లు లేచి మెడ వెనక చెయ్యి పెట్టి చూసేదాన్ని. పైన రగ్గు ఎంత మంచిదైనా లోపలి బనీను తడిగా ఉంటే పిల్ల వణుకుతుందని ప్రతి తల్లికీ తెలుసు. ఆ సంగతి ఫైలులో రాశాను, తల్లి అన్న మాట తీసేసి. ‘వచ్చే అక్టోబరులో పరిశీలించవచ్చు’ అని జవాబొచ్చింది.

డిసెంబరు రెండో వారంలో సూట్లు వచ్చాయి. మా దగ్గర ఏ వస్తువొచ్చినా స్టోర్సులో చేరేముందు ఇన్‌స్పెక్షన్ దాటాలి. ఇన్‌స్పెక్షన్ ఘోష్ బాబుది. ముప్ఫై ఏళ్ళు పైపులు, వాల్వులు, ట్యాంకులు పరీక్షించిన మనిషి. ఆయన పరీక్ష హైడ్రో టెస్టు: వస్తువులో నీళ్ళు నింపి కారుతుందేమో చూడటం. ఇనుము మీద బతికే ఊళ్ళో ఆ పరీక్షని శంకించేవాళ్ళు లేరు. ఆయన ఆమోదించిన పైపు కారిన సందర్భం ఒక్కటీ లేదు. అది ఆయన గర్వం, న్యాయమైన గర్వమే.

ఆ రోజు పాపకి టీకా వేయించి మధ్యాహ్నం ఆఫీసుకొచ్చాను. ఇన్‌స్పెక్షన్ షెడ్డులో దూలానికి నాలుగు సూట్లు వేలాడుతున్నాయి, మెడలు పైకి. ఘోష్ బాబు స్టూలెక్కి రబ్బరు గొట్టంతో వెట్‌సూటు మెడలోంచి నీళ్ళు పోస్తున్నారు. పోసిన నీళ్ళు పోసినట్టే పాదాల దగ్గరి కంతల్లోంచి ధారగా పడుతున్నాయి. వెట్‌సూటు కాళ్ళు ప్యాంటు కాళ్ళలా తెరిచే ఉంటాయి. ఆయన కింద బాల్చీ పెట్టి, చేతి గడియారం చూస్తూ రాసుకుంటున్నారు. ఆ రిపోర్టు నకలు ఇప్పటికీ నా దగ్గరుంది: ‘రెండు చీలమండల వద్ద లీకేజి గమనించబడినది. నిరంతరం.’ రెండు వెట్‌సూట్ల తొడల మీదా ఎర్ర సిరాతో ‘రిజెక్టెడ్’ అని అరచెయ్యంత ముద్ర పడింది.

డ్రైసూట్లకి బూట్లు కలిపే ఉంటాయి కాబట్టి నడుము దాకా నీళ్ళు నింపి ఇరవై నాలుగు గంటలు వేలాడదీశారు. చుక్క కారలేదు. పచ్చ ముద్ర పడింది. తర్వాత వాటిని దించి, నీళ్ళు పారబోసి, మడిచి, పెట్టెలో పెట్టి సీలు వేశారు. లోపల ఆరబెట్టాలని పరీక్షా విధానంలో లేదు. వారం తర్వాత పెట్టె తెరిస్తే మా ఆఫీసులో ఉన్న తడి వస్తువులన్నిట్లోకీ బాగా తడిగా ఉన్నది ఆ డ్రైసూటే. వాసన కూడా వచ్చింది.

నేను ఘోష్ బాబుకి చెప్పి చూశాను. అది లీకేజి కాదు, అది పనిచేసే పద్ధతే అంత అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో కారే వస్తువుని తాను పాస్ చేయలేదనీ, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతున్నాననీ, ఇప్పుడు మొదలుపెట్టే ఉద్దేశం లేదనీ అన్నారు. వెట్‌సూట్లు స్టోర్సులో ఎర్ర జాలీ గది చేరాయి. పనికిరానివి, తిప్పి పంపాల్సినవి ఆ గదిలో ఉంటాయి. దాని తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

ఇక మిగిలినవి పచ్చ ముద్ర ఉన్న డ్రైసూట్లు. డిసెంబరు చివర భద్రతా దినం నాడు క్లబ్బు ఈతకొలనులో ప్రదర్శన పెట్టాలని జనరల్ మేనేజరు గారికి ఆలోచన వచ్చింది. అతిథులు, కుర్చీలు, బంతిపూల దండలు. సీనియర్ డైవరు కొత్త సూటులో దిగి, కొలను అడుగున ముందుగా ఉంచిన ‘భద్రతే మొదట’ అన్న బోర్డుని పైకి తేవాలి. శిక్షణ లేకుండా డ్రైసూటు వెయ్యకూడదని నేను రాసి ఇచ్చాను. కొలనే కదా మేడమ్, నడుము లోతు అన్నారు మిశ్రాజీ. ఒకచోట రెండు మీటర్లుంది, బోర్డు అక్కడే పెట్టారు. చివరికి ‘ఈతకొలను, రెండు మీటర్లు, ప్రదర్శన మాత్రమే, పక్కన సూపర్‌వైజరు నీళ్ళలో ఉండాలి’ అని రాసి సంతకం పెట్టాను. రిజర్వాయరుకి ఈ సంతకం చెల్లదని కింద గీత గీసి మరీ రాశాను. ఆ సంతకం కూడా పెట్టకుండా ఉండాల్సిందని ఇప్పుడనుకుంటాను.

బట్టలు మార్చుకునే గది నుంచి మావయ్య బయటికొచ్చేసరికి ముందు వరసలో పిల్లలు నవ్వారు. ఎల్ సైజు సూటు మోకాళ్ళ దగ్గర మడతలు పడి, పిర్రల దగ్గర సంచిలా వేలాడుతోంది. లోపల అత్త అల్లిన స్వెట్టరు, మంకీ క్యాపు.

“ఏటమ్మా... ఏటి మేడమ్, దీంట్లో ఇంకో మడిసి కూడా పడతాడు” అన్నాడు నా పక్కనించి పోతూ.

“గాలి వదలాలంటే భుజం వాల్వు నొక్కు మావయ్యా. ముందుకి వంగకు. కూర్చున్నట్టు దిగు.”

“సరే సరే. నాకేటి తెల్దా?”

దిగాడు. కూర్చున్నట్టే దిగాడు. కానీ బోర్డు నేల మీద ఉంది, నేల మీది వస్తువు తీయాలంటే మనిషి వంగుతాడు. వంగగానే వదులు సూటులో ఉన్న గాలంతా కాళ్ళలోకి వెళ్ళింది. గాలి వదిలే వాల్వు భుజం మీద, అంటే ఇప్పుడు అడుగున, ఉంది. ఎంత నొక్కినా అక్కడ వదలడానికి గాలి లేదు. రెండు నల్లటి కాళ్ళు ఉబ్బి నీళ్ళ పైకి తేలాయి, పాదాలు ఆకాశానికి. అవి తన్నుకుంటున్నాయి. వాటి పక్కన ‘భద్రతే మొదట’ బోర్డు పట్టుకున్న చెయ్యి ఒకటి పైకొచ్చింది. అతిథులు చప్పట్లు కొట్టారు. అది ప్రదర్శనలో భాగమనుకున్నారు.

దామోదర్ పక్కనే నీళ్ళలో ఉన్నాడు కాబట్టి నడుము పట్టుకుని తిప్పాడు. నిమిషం కూడా పట్టలేదు. ఇరవై మీటర్ల లోతులో ఇదే జరిగితే కాళ్ళలో గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది, మనిషి తలకిందులుగా ఆగకుండా దూసుకొస్తాడు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆ మాట అతిథులకి ఎవరూ చెప్పలేదు. మావయ్య మెట్టు మీద కూలబడ్డాడు. తర్వాత మెల్లగా, “తలెక్కడుందో నాకే తెల్లేదమ్మాయ్” అన్నాడు. తలుపు దాటకుండానే అమ్మాయ్ అన్నాడు.

జనరల్ మేనేజరు గారు ప్రదర్శన విజయవంతమైందని ప్రకటించారు. మర్నాడు నేను డ్రైసూట్ల మీద ‘శిక్షణ పూర్తయ్యేవరకూ వాడరాదు’ అని కాగితం అంటించాను. మిశ్రాజీ నన్ను పిలిచి, ఇప్పుడేం చేస్తారు, పచ్చ ముద్రదాన్ని మీరు ఆపారు, ఎర్ర ముద్రదాన్ని ఘోష్ ఆపాడు, పని జనవరి ఆరున మొదలు అన్నారు. పాత పద్ధతిలో ఆవనూనెతో దించుదామా అని కూడా అడిగారు. అది వేళాకోళం కాదు. మావయ్య కూడా నా దగ్గరికొచ్చి అదే అన్నాడు.

“డాంగ్రీతో దిగుతాను. నూనుంది, బెల్లముంది. నాకు చలెయ్యదు.”

“వేళ్ళు నిచ్చెన పట్టుకోలేదుగా పోయినేడు.”

“అదేటి, ఒకపాలి ఎవుడికైనా అవుద్ది. నువ్వు రిజిస్టర్లో రాయకమ్మా, అదే పదివేలు.”

ఘోష్ బాబుతో మాటలు లాభం లేదని అప్పటికి అర్థమైంది. ఆయన మాటలు నమ్మే మనిషి కాదు, పరీక్షలు నమ్మే మనిషి. అందుకని పరీక్షే తీసుకెళ్ళాను. సాక్చీ చేపల బజారు నుంచి ఐసు దిమ్మ తెప్పించి బాల్చీలో వేసి, నీళ్ళు పోసి ఆయన బల్ల మీద పెట్టాను. వెట్‌సూటుతో పాటు వచ్చిన గ్లౌజు ఒకటి ఆయన కుడిచేతికి తొడిగి, మణికట్టు దగ్గర లాగి గ్లౌజు లోపల కాసిని నీళ్ళు పోశాను. ఎడమచెయ్యి ఒట్టిది. రెండూ బాల్చీలో పెట్టమన్నాను. లెక్క ఆయన గడియారంతోనే జరగాలని దాన్ని ఆయన చేతి నుంచి విప్పి ఎదుటే ఉంచాను.

దామోదర్, మావయ్య, ఇద్దరు గుమాస్తాలు చుట్టూ నిలబడ్డారు. మూడో నిమిషంలో ఆయన ఎడమచెయ్యి లాగేశారు. కుడిచెయ్యి అలాగే ఉంచారు. అయిదు, పది. టీ తెచ్చినవాణ్ణి పక్కన పెట్టమన్నారు. పదిహేనో నిమిషంలో చెయ్యి తీసి, గ్లౌజు విప్పి, లోపలి నీళ్ళు వేరే గ్లాసులో ఒంపుకుని, అందులో వేలు ముంచి చూశారు.

“పానీ తో హై,” అన్నారు. “పర్ గరమ్ హై.” నీళ్ళయితే ఉన్నాయి, కానీ వెచ్చగా ఉన్నాయి అని.

“మరేటనుకున్నారు బాబూ? ఆ అమ్మాయి నెల్రోజుల్నుంచి అదే సెప్తంది” అన్నాడు మావయ్య తెలుగులోనే. ఘోష్ బాబుకి తెలుగు రాదు, అర్థం మాత్రం అయింది. రిపోర్టు తీసి పాత వాక్యం కింద కొత్త వాక్యం రాశారు: ‘లీకేజి ఉద్దేశపూర్వకం. ఆమోదయోగ్యం.’ తన సర్వీసులో మొట్టమొదటిసారి కారే వస్తువు పాస్ చేశారు. అయితే ముద్ర మిగిలింది. ఎర్ర ముద్ర వేసే విధానం ఉంది గాని తీసే విధానం మా దగ్గర లేదు. కిరసనాయిలుతో తుడుద్దామంటే రబ్బరు పాడవుతుంది. కాబట్టి జనవరి ఆరు ఉదయం సింహాచలం మావయ్య తొడ మీద ‘రిజెక్టెడ్’ అన్న సూటుతో రిజర్వాయర్ గట్టు మీదికొచ్చాడు. ఆవనూనె బదులు సబ్బు నీళ్ళు వాడి తొడిగాం. సరిగ్గా అతికింది. పద్దెనిమిది కొలతల ఫలితం.

ఇరవై మీటర్ల లోతులో వెట్‌సూటుకి ఒక లోపం ఉంది, దాన్ని దాచకూడదు. నీటి ఒత్తిడికి రబ్బరులో బుడగలు నలిగి సూటు సగానికి పైగా పలచబడుతుంది. పైన వెచ్చగా ఉన్నంత కింద ఉండదు. అందుకని మునక నలభై నిమిషాలు దాటకూడదని సర్టిఫికెట్‌లో రాసి, సంతకం పెట్టాను. పైనుంచి గొట్టంతో గాలి, నడుముకి తాడు. తాడు ఒకసారి లాగితే ‘బాగున్నావా’ అని, కిందనుంచి ఒకసారి లాగితే ‘బాగున్నాను’ అని. తాడు దామోదర్ చేతిలో, గడియారం నా చేతిలో.

రెండు రోజులు సాఫీగా జరిగింది. మూడో రోజు ముప్ఫై రెండో నిమిషంలో దామోదర్ తాడు లాగాడు. జవాబు రావడానికి నేను ఆరు లెక్కపెట్టాను. ముప్ఫై అయిదులో మళ్ళీ లాగాడు. పదకొండు. బోల్ట్ బిగిస్తున్నాడేమో అన్నాడు దామోదర్. అదే సమయానికి మిశ్రాజీ ఫోను: ఈరోజే సీలు పూర్తయితే రేపు పెద్దవాళ్ళొచ్చి చూస్తారట. ఫోను పెట్టేసి, పైకి తీసెయ్యమన్నాను. నాలుగు లాగులు. పైకి రా అని.

మావయ్య నిచ్చెన ఎక్కి, హెల్మెట్ తీయగానే కోప్పడ్డాడు.

“ఏటమ్మా నువ్వు! ఇంకో మూడే బోల్టులు. పది నిమిషాలుంటే అయిపోను.”

“చలి వేస్తోందా?”

“లేదు. ఏం చలి? ఎండ కాత్తంది గదా.”

మాట కొంచెం ముద్దగా వస్తోంది. గ్లౌజు విప్పి, బొటనవేలితో చిటికెనవేలు ముట్టుకోమన్నాను. ఒళ్ళు చల్లబడితే ముందు పోయేది ఆ చిన్న పనే. డైవింగ్ మాన్యువల్లో ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆయన బొటనవేలు అరచేతి మీదుగా వచ్చి, ఉంగరం వేలి దగ్గర ఆగిపోయింది. చిటికెనవేలికి అంగుళం దూరం. ఆయన దానివైపే చూస్తూ రెండోసారి ప్రయత్నించాడు, మూడోసారి ప్రయత్నించాడు. తర్వాత నావైపు చూడలేదు.

“రాసేత్తావా?” అన్నాడు.

రాశాను. ప్రమాదాల రిజిస్టర్లో కాదు, రోజూ మునకల వివరాలు రాసే డైవ్ లాగ్‌లో. ప్రమాదం జరగలేదు కాబట్టి. ‘ముప్ఫై అయిదు నిమిషాలకు మునక నిలిపివేత. కారణం: లోతులో సూటు పలచబడటం. దిద్దుబాటు: రేపటి నుంచి పాతిక నిమిషాలు.’ డైవరును హెచ్చరించినట్టు రాయలేదు. ఆయనని దుప్పటిలో చుట్టి వ్యానులో కూర్చోబెట్టి వేడి టీ పట్టించాం. అరగంటకి బొటనవేలు చిటికెనవేలిని తాకింది. మర్నాడు పాతిక నిమిషాల్లో మూడు బోల్టులూ బిగించి పైకొచ్చాడు. పెద్దవాళ్ళు ఆ రోజే వచ్చి చూసి, తొడ మీద ముద్ర గురించి అడిగారు. బ్రాండు పేరన్నారు మిశ్రాజీ.

మార్చిలో దామోదర్, మావయ్య డ్రైసూటు శిక్షణకి వెళ్ళారు. మావయ్య కొలతలకి ఒక డ్రైసూటు తెప్పించాం. లోపలి దుస్తులు అక్టోబరులో వచ్చాయి. ఆ తర్వాతి చలికాలం అదే రిజర్వాయర్లో ఆయన గంటసేపు ఉండి వెచ్చగా పైకొచ్చాడు. మెడికల్ బోర్డుకి వెళ్ళలేదు. ఇండెంటు ఫారంలో ‘వేసుకునేవారి పేరు, కొలతలు, సంతకం’ అని ఒక గడి చేర్పించాను. అది చివరి పేజీలోంచి మొదటి పేజీకి రావడానికి ఏడు నెలలు పట్టింది.

వెట్‌సూటా, డ్రైసూటా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఆ నాలుగు పేజీల నోటులో ఉన్నదే: ఎంత చల్లన, ఎంత లోతు, ఎంతసేపు, ఏ శిక్షణ. మావయ్య వల్ల తెలిసింది ఇంకొకటుంది. నీళ్ళలోంచి వచ్చినవాణ్ణి చలి వేస్తోందా అని అడగకూడదు. చిటికెనవేలు ముట్టుకోమనాలి.